కాటాకు ముద్ర వుంది, మిషనుకేదీ?

కాటా సంగతి మిర్చి రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. యార్డులో టిక్కీలు దించగానే అతని కన్ను ముందు కాటా మీద పడుతుంది. ఖాళీ కాటా సున్నా చూపుతున్నదా లేదా, తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఈ ఏడాదిదా పోయినేటిదా, తూచేవాడి కాలు ఎక్కడుంది - ఇవన్నీ చూసుకోవటం అలవాటైంది. ఈ అలవాటు ఊరికే రాలేదు. తరుగు పేరిట ఇంత, మచ్చు పేరిట ఇంత అని టిక్కీ టిక్కీకి లాగేసుకుంటూ వుంటే పోట్లాడి, పదిమందీ కూడి, అధికారుల చుట్టూ తిరిగి నేర్చుకున్నది.

ఐతే ఇప్పుడు యార్డుకు అవతల, రైతు కంటికి ఆనని చోట ఇంకో కాటా వెలిసింది. అది కాయ బరువు తూచదు. కాయలో పురుగుమందు అవశేషం ఎంత మిగిలిందో తూస్తుంది. దాని పేరు చాంతాడంత: లిక్విడ్ క్రొమటోగ్రఫీ - మాస్ స్పెక్ట్రోమెట్రీ. లాబొరేటరీ వారు ఎల్‌సీ-ఎమ్మెస్ అంటారు. కొనుగోలు ఏజెంట్లు వట్టి "మిషను" అంటారు. మేమూ అలాగే అంటాం. తాలు అంటే కంటికి కనపడుతుంది, తేమ అంటే చేతికి తెలుస్తుంది, రంగు తక్కువంటే పక్కవాడి కాయతో పోల్చి చూపవచ్చు. "మిషన్లో ఫెయిలయింది" అంటే రైతు ఏమని బదులు చెప్పాలి?

ఆ మధ్య పల్నాడు ప్రాంతపు రైతు ఒకాయన మా దగ్గరకు రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఒకే చేను, ఒకే కోత, ఒకే కల్లంలో ఎండిన కాయ. కొనేవాడు పంపిన లాబొరేటరీ ఇచ్చిన కాగితంలో ఒక పురుగుమందు కిలోకు 0.014 మిల్లీగ్రాములు అని వుంది. ఎదురుగా "హద్దు 0.01" అని, దాని పక్కన ఎర్ర సిరాతో ఫెయిల్ అని వుంది. రైతు పట్టుబట్టి సొంత డబ్బుతో వేరే చోట పరీక్ష చేయించుకుంటే 0.009 వచ్చింది. అంటే పాసు. "ఏమండీ, ఈ రెండింట్లో ఏది అబద్ధం?" అని అడిగాడు. మేము ఈ విషయం తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్నదేమంటే, రెండూ అబద్ధం కాకపోవచ్చు. అసలు చిక్కు అక్కడే వుంది.

ముందుగా ఈ 0.01 ఎంతో చూద్దాం. క్వింటాలు కాయలో ఒక్క మిల్లీగ్రాము. ఒక ఆవగింజ బరువు కన్నా తక్కువ. పది టన్నుల లారీ మొత్తంలో గ్రాములో పదో వంతు. యూరప్ దేశాలు 2005లో చేసిన 396వ నంబరు చట్టంలో, ప్రత్యేకంగా హద్దు పెట్టని మందులన్నిటికీ ఈ 0.01నే హద్దుగా పెట్టారు. హద్దు వున్న మందులకు కూడా దాన్ని దించుకుంటూ వస్తున్నారు. వరిలో అగ్గి తెగులుకు మన రైతులు ఏళ్ళ తరబడి కొట్టిన ట్రైసైక్లజోల్‌కు బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము దాకా వున్న అనుమతిని 2017లో ఒక్కసారిగా 0.01కి దించారు. నూరో వంతు! మందు కంపెనీ మారలేదు, దుకాణదారు మారలేదు, సీసా మీది బొమ్మ మారలేదు. బియ్యం మాత్రం పనికిరాకుండా పోయింది.

హద్దులు ఎందుకని మేము అనటం లేదు. మందు కొట్టే కూలీ ఊపిరితిత్తులకూ, తినేవాడి కడుపుకూ ఏది మంచిదో అదే కావాలి. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల మీద విరుచుకు పడినప్పుడు దిక్కు తోచక రోజు విడిచి రోజు మందులు కొట్టిన రైతులను మేము చూశాం. ఆ మందులు అప్పు మీద అంటగట్టినవాడు ఏది ఎన్ని రోజులు కాయలో నిలుస్తుందో చెప్పలేదు. కనుక అవశేషాలు వట్టి కట్టుకథ కాదు. కాని ఆవగింజకు తక్కువ బరువు మీద ఒక సంసారం ఏడాది పంట తేలుతున్నప్పుడు, ఆ బరువు తూచే మిషనును ఎవరు తూస్తున్నారని అడగటం తప్పా?

మిషను ఎలా పనిచేస్తుందో మోటుగా చెప్తాం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్ష శాస్త్రజ్ఞుడు వార్సా నగరంలో ఒక గాజు గొట్టంలో సుద్ద పొడి కూరి, ఆకు రసం పైనుంచి పోశాడు. రసం కిందికి దిగుతూ ఆకుపచ్చ, పసుపు పట్టీలుగా విడిపోయింది. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో దిగుతుందన్న మాట. ఇవాళ్టి మిషనులోనూ ముందు వుండేది అదే గొట్టం, కాకపోతే జానెడు లోపు, సన్నటి ఉక్కుది. అందులోంచి ఏ మందు ఏ నిమిషానికి బయటికొస్తుందో ముందే తెలిసి వుంటుంది. బయటికొచ్చిన దాన్ని సన్నటి తుంపరగా చిమ్మి, కరెంటు ఎక్కించి, దాని అణువును బరువు బట్టి పట్టి, ముక్కలు చేసి, ఆ ముక్కలనూ తూస్తారు. టైము కలవాలి, రెండు ముక్కల బరువులు కలవాలి, ఆ ముక్కల పరస్పర నిష్పత్తి కూడా కలవాలి. అప్పుడే అది ఫలానా మందు అని తేల్చాలి. ఒక సాక్షి చాలడు, ముగ్గురు ఒకే మాట చెప్పాలి. టైము పది వంతుల్లో ఒక వంతు నిమిషం కన్నా ఎక్కువ తేడా రాకూడదనీ, నిష్పత్తి నూటికి ముప్ఫయి కన్నా తప్పకూడదనీ యూరోపియన్ కమిషన్ లాబొరేటరీలకిచ్చిన మార్గదర్శక పత్రం చెప్తుంది. దాన్ని సాంటే పత్రం అంటారు. ఎగుమతి సరుకును పరీక్షించే మన లాబొరేటరీలు కూడా దాని ప్రకారమే నడుస్తున్నామని చెప్పుకుంటాయి.

మిషను గొప్పదే. కాని మిర్చి దానికి పరమ శత్రువు. బియ్యంతో, దోసకాయతో వచ్చే ఇబ్బంది వేరు, మిర్చితో వచ్చేది వేరు. కాయలోని రంగు, నూనె, కారం మూడూ మందుతో పాటు ద్రావకంలోకి దిగుతాయి. పొడిని నీళ్ళలో నానబెట్టి, ద్రావకంతో కుదిపి, ఉప్పులు వేసి వేరు చేసే క్వెచర్స్ పద్ధతి 2003లో వచ్చింది. దానివల్ల పని తేలికయింది గాని, ఎంత శుభ్రం చేసినా ఎర్రదనం పూర్తిగా పోదు. ఈ చెత్తంతా తుంపర దగ్గర మందుతో పోటీపడి, మందు అణువులకు కరెంటు ఎక్కనివ్వదు. దాంతో మిషను వున్నదాని కన్నా తక్కువ చూపుతుంది. దీన్ని సరిచేయటానికి రాళ్ళను కూడా - అంటే తెలిసిన మోతాదు మందును - మందులేని మిర్చి సారంలోనే కలిపి కొలవాలి. అప్పుడు నొక్కుడు రెండు వైపులా సమానమవుతుంది. ఐతే ఏ మిర్చితో? రాళ్ళు కట్టిన కాయ ఒక రకం, రైతు తెచ్చిన కాయ ఇంకో రకం ఐతే నొక్కుడు తేడాగా వుండొచ్చు. రాళ్ళను గట్టిగా నొక్కి, కాయను మెల్లగా నొక్కితే, కొంచెం వున్నది ఎక్కువున్నట్టు వస్తుంది. కాటా పళ్ళెం కింద పుల్ల పెట్టటం లాంటిదే ఇది. ఇక్కడ పుల్ల ఎవరూ పెట్టనక్కరలేదు, దానంతటదే చేరుతుంది.

కనుకనే మిషనును రోజూ, లాటు లాటుకూ తనిఖీ చేయాలి. ఆ తనిఖీ ఎలా వుంటుందో చూద్దామని మేము ఒక లాబొరేటరీకి వెళ్ళాం. ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్ళు కాని కుర్రాడొకడు ఓపిగ్గా చూపించాడు. పొద్దున్నే వట్టి ద్రావకం ఎక్కిస్తాడు. మిషను సున్నా చూపాలి. తర్వాత తెలిసిన మందుల మిశ్రమం ఎక్కిస్తాడు. ప్రతి మందూ తన టైముకే వచ్చిందా, నిన్నటి ఎత్తుకూ ఇవాళ్టి ఎత్తుకూ ఎంత తేడా, అని గోడకు కట్టిన చార్టులో చుక్క పెడతాడు. చుక్కలు రోజురోజుకూ కిందికి జారుతుంటే మిషను నోటికి మసి పట్టినట్టు. విప్పి కడగాలి. గొట్టం అరిగితే టైము జారుతుంది. మార్చాలి. ఆపైన మందులేని మిర్చి పొడిలో తనే కొలిచి మందు కలిపి, మొదటినుంచీ పరీక్ష నడిపి, తాను వేసినదాంట్లో ఎంత తిరిగొచ్చిందో చూస్తాడు. పద్ధతి పనికొస్తుందని ఒప్పుకోవాలంటే సగటున నూటికి 70 నుంచి 120 లోపు తిరిగి రావాలి. మళ్ళీ మళ్ళీ చేస్తే తేడా నూటికి 20 దాటకూడదు. సాయంత్రం లాటు ముగిశాక పొద్దుటి రాయినే మళ్ళీ వేసి తూస్తాడు. రెంటికీ నూటికి ముప్ఫయి మించి తేడా వస్తే మధ్యలో తూచినవన్నీ మళ్ళీ తూయవలసిందే.

ఆ కుర్రాడు చెప్పిన ఒక్క ముక్క మాత్రం మా మనసులో నాటుకుంది. మందు దండిగా వున్న నమూనా ఒకటి నడిచాక, గొట్టాల్లో దాని ఆనవాలు కొంత మిగిలిపోతుందట. మధ్యలో వట్టి ద్రావకం పెట్టి కడక్కపోతే తర్వాతి నమూనాలో అది తేలుతుంది. అంటే ముందు రైతు కొట్టిన మందు వెనక రైతు నెత్తిన పడుతుంది! "మరి ప్రతిదాని మధ్యా కడుగుతారా?" అన్నాం. కడగాలండీ అన్నాడు. సాయంత్రానికల్లా రిపోర్టులు కావాలని ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయనీ, ఖాళీ పరుగులకు ఎవరూ డబ్బివ్వరనీ కూడా అన్నాడు. అతన్ని తప్పుపట్టటానికి మాకు నోరు రాలేదు.

తనిఖీలన్నీ సవ్యంగా జరిగినా రెండు మిషన్లు ఒకే అంకె చెప్పవు. అమెరికా ఆహార ఔషధ సంస్థలో పనిచేసిన విలియం హార్విట్జ్ అనే శాస్త్రజ్ఞుడు ఒకే నమూనాను అనేక లాబొరేటరీలు పరీక్షించిన ఫలితాలను పోగుచేసి, 1980లో ఒక సంగతి బయటపెట్టాడు. కొలిచే వస్తువు ఎంత తగ్గితే లాబొరేటరీల మధ్య తేడా అంత పెరుగుతుంది. కిలోకు 0.01 మిల్లీగ్రాము దగ్గర ఆయన లెక్క ప్రకారం ఈ చెదురు నూటికి 32. తర్వాతి సవరణ ప్రకారం చూసినా నూటికి 22. ఇది దొంగ లాబొరేటరీల సంగతి కాదు, నిజాయితీగా పనిచేసేవాటి సంగతి. ఈ లెక్కన మన పల్నాడు రైతు చేతిలోని 0.014కూ 0.009కీ మధ్య తగాదాయే లేదు. రెండు మిషన్లూ "హద్దుకు దగ్గర్లో వుంది" అన్న ఒకే మాట చెప్పాయి. దాన్ని ఒకచోట ఫెయిల్ అనీ, ఒకచోట పాస్ అనీ రాశారు, అంతే.

ఇది యూరప్ వాళ్ళకు తెలియదా? బాగా తెలుసు. వాళ్ళ అధికారులు ఒక సరుకు హద్దు దాటిందని చర్య తీసుకోవాలంటే, వచ్చిన అంకెలో సగం తీసేసి, మిగిలింది కూడా హద్దు దాటితేనే తీసుకోవాలని ఆ సాంటే పత్రమే చెప్తుంది. 0.014లో సగం తీస్తే 0.007. హద్దు లోపే. అంటే హాంబర్గ్ రేవులో తెల్లవాడి అధికారి వదిలేసే కాయను ఇక్కడ మన ఏజెంటు ఫెయిల్ చేశాడు! ఇంకొకటి. హద్దులు చాలా మటుకు పచ్చికాయకు పెట్టినవి. ఎండితే నీరు పోయి మందు చిక్కబడుతుంది. కనుక ఎండిన సరుకుకు ఆ చిక్కబడిన మేర లెక్కలోకి తీసుకోవాలని అదే 396వ చట్టం 20వ అధికరణం అంటున్నది. రైతు తెచ్చిన కాగితంలో ఆ లెక్క వేసిన జాడ లేదు.

ఎగుమతిదారు చెప్పేది కూడా వినాలి. అంత దూరం పంపి అక్కడ ఆగిపోతే నష్టం ఎవరు భరిస్తారు, కనుక ఇక్కడే గట్టిగా చూసుకుంటాం అంటాడు. జాగ్రత్త మంచిదే. కాని ఆ జాగ్రత్త ఖరీదు ఎవరి జేబులోంచి పోతున్నది? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వమే మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ కాయకు క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో కొనేవాడికి ధర తెంచటానికి సాకు కావాలి. సరుకు తక్కువై ధర పెరిగే ఏడాది మిషన్ మాట ఎత్తేవాళ్ళు ఎందుకు తగ్గిపోతారో ఆలోచించండి.

మిషనే రైతుకు శత్రువని మాత్రం అనుకోవద్దు. 2003లో మన దేశపు కారంలో సుడాన్-1 అనే రంగు వుందని ఫ్రాన్సు పట్టుకుని, యూరప్ అంతా గగ్గోలెత్తింది. మైనాలకూ, పాలిష్‌లకూ వేసే రంగు అది. ఏ చేలోనూ పండదు, ఏ కాయలోనూ పుట్టదు. కలిపింది రైతు కాదని ఆ మిషన్లు చూపిన అంకెలే సాక్ష్యం. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లు మన మసాలా పొడులు కొన్నింటిలో ఇథిలీన్ ఆక్సైడ్ వుందన్నప్పుడూ అంతే. అది పొడిలో సూక్ష్మజీవులను చంపటానికి పట్టించే వాయువు, దాన్ని పట్టేది వేరే జాతి మిషను. అందులోనూ చేనుకు ప్రమేయం లేదు. కనుక నిక్కచ్చిగా పనిచేసే మిషను రైతుకు కావాలి. నిక్కచ్చితనానికి రుజువూ కావాలి.

చట్టం ఏమంటుంది? 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 47వ సెక్షను ప్రకారం అధికారి నమూనా తీస్తే నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ప్రభుత్వ అనలిస్టుకు, రెండు భద్రంగా దాచటానికి, సరుకుదారు అడిగితే నాలుగోది గుర్తింపు వున్న మరో లాబొరేటరీకి. రెండు రిపోర్టులూ వేరైతే దాచిన దాంట్లో ఒకటి రెఫరల్ లాబొరేటరీకి పోతుంది. దాని మాటే చివరిది. ఎంత చక్కటి ఏర్పాటు! కాని ఇది వ్యాపారికి. అదే చట్టం 18వ సెక్షను రైతునూ, చేను దగ్గరి పంటనూ చట్టం పరిధి నుంచి తప్పించింది. శిక్షల నుంచి తప్పించినందుకు సంతోషమే. ఐతే ఆ నాలుగు భాగాల హక్కు కూడా దానితోనే పోయింది. ఏజెంటు తీసిన మచ్చు ప్రైవేటు మచ్చు, ఇచ్చిన రిపోర్టు ప్రైవేటు రిపోర్టు. పరీక్షకు డబ్బిచ్చింది కొనేవాడు, కాగితం వెళ్ళేదీ కొనేవాడికే.

ఎలక్ట్రానిక్ కాటాకు తూనికల శాఖవారు ఏడాదికొకసారి ముద్ర వేస్తారు. మిషనుకు అటువంటి ముద్ర లేదు. దాని బదులు 17025 నంబరు అంతర్జాతీయ ప్రమాణం వుంది, దాని ప్రకారం ఎన్‌ఎబిఎల్ అనే సంస్థ గుర్తింపు వుంది. గుర్తింపు వున్న లాబొరేటరీ తనిఖీ కాగితాలు దాచాలి, ఇతర లాబొరేటరీలతో పోటీ పరీక్షల్లో పాల్గొని తన అంకె అందరి అంకెకు ఎంత దూరంలో వుందో తేల్చుకోవాలి. ఇక్కడ గమనించవలసింది, గుర్తింపు బోర్డు గోడకు వుంటే చాలదు. గుర్తింపు ఏ సరుకుకు, ఏ మందుకు అని జాబితా వుంటుంది. నీళ్ళ పరీక్షకు గుర్తింపు తెచ్చుకున్నంత మాత్రాన మిర్చికి వచ్చినట్టు కాదు.

రిపోర్టు అడుగున సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం వుంటుంది: ఈ ఫలితం మాకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తుంది. ఆ ప్రమాణమే అలా రాయమంటుంది, రాయటం న్యాయమే. కాని ఆ నమూనా వంద టిక్కీల్లో ఎన్నింటిలోంచి తీశారు? పైకాయా, అడుగు కాయా? తొలికోతా, మలికోతా? మిషను కోట్ల రూపాయలదైనా సంచీలో వేసిన గుప్పెడు కాయకే అది జవాబు చెప్తుంది.

స్పైసెస్ బోర్డుకు గుంటూరులో పరీక్షా కేంద్రం వుంది. అది ప్రధానంగా ఎగుమతిదారు సరుకు చూసేది. అటువంటి కేంద్రం రైతు పేరు మీద, రైతు భరించగల ఖర్చుతో మార్కెట్ కమిటీల కింద గుంటూరులోనూ, ఖమ్మంలోనూ, వరంగల్‌లోనూ వుండాలి. ఖర్చు మార్కెట్ సెస్సులోంచి పెట్టవచ్చు, ఆ సెస్సు వసూలయ్యేది ఈ కాయ మీదనే కదా. అంతవరకూ కనీసం అవశేషం పేరిట ధర తగ్గించే ప్రతి లాటులోనూ మచ్చు రైతు ఎదుటే తీసి, రెండు భాగాలు చేసి, ఒకటి సీలు వేసి కమిటీ దగ్గర వుంచేట్టు యార్డు నిబంధన పెట్టటానికి ఏ విదేశీ చట్టమూ అడ్డు రాదు.

రైతులు ఇప్పటికిప్పుడు అడగగలిగినవి కొన్ని వున్నాయి. ఫోనులో ఫోటో కాదు, రిపోర్టు పూర్తి నకలు ఇమ్మని అడగండి. అందులో అంకె పక్కన "ఇంత అటూ ఇటూ" అని అనిశ్చితి రాశారేమో చూడండి. ఆ రోజు మిర్చి పొడిలో వేసిన మందు నూటికి ఎంత తిరిగొచ్చిందో, ముందు నడిచిన ఖాళీ పరుగులో ఏమైనా తేలిందో లాబొరేటరీని అడగమని ఏజెంటుకు చెప్పండి. ఎండుకాయ లెక్క వేశారా అని అడగండి. ఇవి అడిగితే నవ్వుతారు. కాటా సున్నా చూపమని మొదటిసారి అడిగినవాడిని చూసి కూడా నవ్వారు.

పల్నాడు రైతు కాగితాలు రెండూ ఇంకా మా దగ్గరే వున్నాయి. రెండో రిపోర్టు అతని చేతికి వచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా కోల్డ్ స్టోరేజి బాడుగ, అప్పిచ్చినవాడి తాఖీదు రెండూ మీద పడి, కాయను ఫెయిలైన ధరకే అమ్ముకున్నాడు. కొన్నవాడు దాన్ని ఎక్కడికి పంపాడో, అక్కడ ఏ మిషను ఏమన్నదో అతనికి ఎవరూ చెప్పలేదు.